రెండో డబ్బా

కిందటి వారం అహల్యని మామిడితోటలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టేసి మన దారిన మనం పోయాం. నూజివీడు ఎండలో ఒక మనిషిని వారం రోజులు అలా వదిలెయ్యడం మర్యాద కాదు. ముందు ఆమెని అత్తవారింటికి చేరుద్దాం. ఆమె హైదరాబాదు నించి ఎందుకు పరిగెత్తుకొచ్చిందో దారిలో ఒకసారి గుర్తు చేసుకుందాం.

అహల్య హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో మామిడి బంక మీద పరిశోధన చేస్తోంది. చెట్టు మానుకి దెబ్బ తగిలిన చోట ఊరి గడ్డకడుతుందే, ఆ బంక. అది నూజివీడులో అత్తవారింటి నించి డబ్బాలో వచ్చేది. దాన్ని ఆసిడ్‌లో మరిగిస్తే అది ఏయే చక్కెరలతో తయారైందో ఆ చక్కెరలుగా విడిపోతుంది. ఆ నీళ్లని లిక్విడ్ క్రొమటోగ్రఫీ యంత్రంలోకి ఎక్కిస్తే, సన్నటి ఉక్కుగొట్టంలోంచి చక్కెరలు ఒక్కొక్కటే దాని దాని వేళకి బయటికొస్తాయి. వచ్చినప్పుడల్లా యంత్రానికున్న పెన్ను కాగితం మీద ఒక గుట్ట గీస్తుంది. ఎప్పుడొచ్చిందన్న దాన్ని బట్టి అది ఏ చక్కెరో, గుట్ట ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఎంత ఉందో తెలుస్తుంది. అహల్య కాగితం మీద ఎవరూ అనుకోని గుట్ట ఒకటి లేచింది. అది గ్లూకోజు. మామిడి బంకలో గ్లూకోజు ఉందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

అహల్యకి గైడు అయిన గంగాధరంగారు కుర్చీలోంచి లేచి మరీ సంతోషించారు. అయినా జాగ్రత్తమనిషి కనక, ఎండాకాలపు బంక ఒక్కటే చాలదు, చలికాలపు బంక కూడా చేసి చూడమన్నారు. ఆ రెండో డబ్బా వచ్చేసరికి అహల్య పచ్చకామెర్లతో చింతలపూడిలో పుట్టింట మంచం పట్టి ఉంది. ఆ పని ఆమె భర్త ఉమాపతి చేశాడు. అతనూ అదే ప్రయోగశాలలో ఉద్యోగి. రెండో డబ్బాలోనూ గ్లూకోజు వచ్చింది. ఇంకేం కావాలి? భార్యాభర్తల పేర్లు పక్కపక్కన పెట్టి పేపరు రాశారు. సోమవారం నాడు బెంగుళూరు సభలో గంగాధరంగారు దాన్ని చదవబోతున్నారు. అహల్య డాక్టరేటు దాని మీదే నిలబడి ఉంది. టెంపరరీగా ఉన్న ఉమాపతి ఉద్యోగం పర్మనెంటు కావడం కూడా దాని మీదే ఆధారపడి ఉంది.

అంతా బాగానే ఉండేది, అహల్య ఊరుకుని ఉంటే. ఆమె ఊరుకోలేదు. పుట్టింటికి వెళ్లినప్పుడు అక్కడి చెట్లనించి తన చేత్తో తాను బంక గోకి తెచ్చుకుని యంత్రంలో పెట్టింది. మిగతా గుట్టలన్నీ లేచాయి. గ్లూకోజు వేళకి పెన్ను కదలకుండా గీత గీసుకుంటూ పోయింది. చెట్టు వేరు, నేల వేరు, మనసు పాడుచేసుకోకు అన్నారు గంగాధరంగారు. మనసు పాడైపోయాక చెప్పే మాటలే అవి. ఆమె రైలెక్కి, బస్సెక్కి నూజివీడులో దిగింది. నేరుగా తోటకి వెళ్లి, రెండు డబ్బాల బంకా ఏరిన మంగమ్మని నువ్వేమైనా కలిపావా అని అడిగింది. మంగమ్మకి ఒళ్లు మండిపోయింది.

"నేనేం కలపలేదమ్మా! గోకాను, మూటగట్టాను, మీ అత్తగారి చేతికిచ్చాను. ఆ పైన మీ ఇంట్లో ఏం జరిగిందో మీ ఇంట్లోనే అడుక్కోండి."

అక్కడే మనం వదిలేశాం.

మంగమ్మని అలా అడిగినందుకు సిగ్గుపడుతూనే అహల్య ఇంటికి నడిచింది. కోవెల వీధిలో ఇల్లు. మామగారు సోమయాజులుగారు కోవెలలో అర్చకులు. ఆయన ఇంకా గుడి తలుపులు వేసి రాలేదు. వెనక వసారాలో అత్తగారు రాజరాజేశ్వరమ్మ కత్తిపీట ముందేసుకుని మాగాయకి ముక్కలు తరుగుతోంది. తొక్కలు ఒకపక్క, టెంకలు ఒకపక్క, ముక్కలు ఒకపక్క. ఎంత పనిలో ఉన్నా ఆవిడ చుట్టూ నేల శుభ్రంగా ఉంటుంది.

"వచ్చావా? మొహం చూడు, కందగడ్డలా చేసుకొచ్చావు. కాళ్లు కడుక్కుని ముందు మజ్జిగ తాగు. బంకలూ గింకలూ తర్వాత."

అహల్య మజ్జిగ తాగింది. గ్లాసు కింద పెట్టింది. మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆ ఇంట్లో ఆమెకి భయమంటూ ఏమీ లేదు. పెళ్లైన కోడలికి ఇంకా చదువేమిటని వీధి వీధంతా బుగ్గలు నొక్కుకున్నప్పుడు, అది చదువుకుంటుంది, మీకొచ్చిన నష్టమేంటని వీధిలోకొచ్చి అడిగిన మనిషి రాజరాజేశ్వరమ్మ. అందుకే ఈ అడగడం ఇంత కష్టంగా ఉంది. శత్రువునైతే బస్సు దిగగానే అడిగేసేది.

"అత్తయ్యా, ఒక మాట అడుగుతాను. కోప్పడకూడదు."

"కోపమొచ్చే మాటైతే కోప్పడకుండా ఎలా ఉంటానే? అడుగు."

"మంగమ్మ బంక తెచ్చిచ్చాక మీరేం చేశారో మొదట్నించీ చెప్పండి. చిన్నదైనా సరే, వదలకుండా చెప్పండి."

రాజరాజేశ్వరమ్మ కత్తిపీట వాల్చేసింది. ఆవిడకి కోపం రాకపోగా మొహం విప్పారింది. తన వంతు పని గురించి ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ అడగలేదు మరి.

"ఏం చేస్తాను? బంగారంలా చూసుకున్నాను. డాబా మీద మీ మామగారి కొత్త పంచె పరిచి దాని మీద ఆరబోశాను. ఆయన లబోదిబోమన్నారనుకో. బెరడు ముక్కలూ పుల్లలూ ఒక్కొక్కటీ చేత్తో ఏరి పారేశాను. ఉడతలు రాకుండా కర్ర పట్టుకుని కూచున్నాను. చీమలు పట్టకుండా చుట్టూ పసుపు గీత గీశాను."

"పసుపా?"

"బంక మీద కాదులే తల్లీ, నేల మీద. నాకా మాత్రం తెలీదూ!"

అహల్య ఊపిరి వదిలింది. "ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏముంది, రోహిణికార్తె. ఆ ఎండకి బంకంతా మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దలా తయారైంది. అలాగే డబ్బాలో పోస్తే హైదరాబాదు చేరేసరికి నువ్వు సుత్తి పెట్టి కొట్టుకోవాలి. పాపం పిల్ల ఇబ్బంది పడుతుందని విడదీసి, కాస్త పిండి అద్దాను."

అహల్య చేతిలో గ్లాసు అలాగే ఉంది. "ఏం పిండి అత్తయ్యా?"

"బియ్యప్పిండే. అంటుకునే వాటికి ఇంకేం అద్దుతారు? నువ్వేం కంగారుపడకు, మర పిండి కాదు. మడి కట్టుకుని, బియ్యం నానేసి, నేనే దంచి జల్లించాను. నైవేద్యానికి పనికొచ్చే పిండి."

ఆవిడ గొంతులో ఉన్న గర్వం వింటూ అహల్య గ్లాసు కింద పెట్టేసింది. ఆ తెల్లటి పొడిని ఆమె చూసింది. హైదరాబాదులో డబ్బా మూత తీసినరోజే చూసింది. పాతబడ్డ బంక పైన పొట్టురేగి తెల్లబడటం మామూలేనని, మనసులో కూడా ప్రశ్న వేసుకోకుండా నూరేసింది. వేడినీళ్లలో కరిగించి వడగట్టింది కదా, చెత్త ఉంటే పైన నిలిచిపోతుందని ధీమా. పిండి ఉడికితే గంజి అవుతుందనీ, గంజి ఏ వడగట్టులోంచైనా జారిపోతుందనీ అన్నం వార్చే ఏ ఇల్లాలికైనా తెలుసు. ప్రయోగశాలలో తెల్లకోటు వేసుకున్నాక తను అన్నం వార్చే మనిషినన్న సంగతే మర్చిపోయింది అహల్య. ఆ తప్పు అత్తగారిది కాదు, అచ్చంగా తనది.

"ఏంటే అలా అయిపోయావు? పిండి అద్దకూడదా?"

చెప్పాలి. ఎలా చెప్పినా చెప్పక తప్పదు.

"అత్తయ్యా, గ్లూకోజని చెప్పాను కదా, బంకలో దొరికిందని."

"గ్లూకోజు తెలీకేం? ఉమాపతికి చిన్నప్పుడు జ్వరమొస్తే పొడి కలిపిచ్చేదాన్ని."

"అదేనండీ. బియ్యప్పిండిని ఆసిడ్‌లో మరిగిస్తే అది మొత్తం గ్లూకోజైపోతుంది. పిండి ఆనవాలు కూడా మిగలదు. ఆ యంత్రం చక్కెర ఎంతుందో కొలిచి చెప్తుంది, అంతవరకే. అది చెట్టులోంచి వచ్చిందో మన రోట్లోంచి వచ్చిందో చెప్పదు."

రాజరాజేశ్వరమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ చెయ్యి మామిడి ముక్క మీద ఆగిపోయింది.

"అంటే నువ్వు కనిపెట్టావని అందరూ అంటున్నది…"

"మీ పిండేనండీ."

అహల్యకి నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెలియదు. ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా ఆ పెన్నునే చూసింది. అది గుట్ట ఎక్కుతుంటే ఊపిరి బిగబట్టి, దిగుతుంటే వదిలింది. ఆ గుట్ట అచ్చంగా తనదని మురిసిపోయింది. అది మాగాయ తరిగే వసారాలో దంచిన పిండి. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. ఆమె మొహం తిప్పుకుని కొంగు అడ్డం పెట్టుకుంది.

రాజరాజేశ్వరమ్మ ఏడవలేదు. ఆవిడ ఏడ్చే మనిషి కాదు. అయితే ఆవిడ మొహంలో రంగు పోయింది. మా కోడలి పరిశోధనకి బంక నేనే తయారుచేశానని కోవెల వీధిలో చెప్పని గడప లేదు. థీసిస్ ముందు పేజీలో కృతజ్ఞతలు చెప్తూ అహల్య ఆవిడ పేరు వేసింది. ఆ ఒక్క వాక్యాన్నీ కొడుకు చేత చదివించుకుని, అర్థం చెప్పించుకుని, మళ్లీ చదివించుకుంది.

"నీ నోట్లో మట్టికొట్టానా అహల్యా?"

"అలా అనకండి. చూడాల్సింది నేను. బంక చేతికి రాగానే మీరేం చేశారని ఒక్క ముక్క అడిగుంటే అప్పుడే చెప్పేవారు. అడగలేదు. ఇంట్లో మనిషే కదా అనుకున్నాను."

"నా పేరు కొట్టెయ్యి ఆ పుస్తకంలోంచి."

"పుస్తకమే ఉంటుందో లేదో తెలీదు అత్తయ్యా."

ఈగలు మామిడి తొక్కల మీద ముసిరాయి. ఆవిడ వాటిని తోలడం కూడా మర్చిపోయింది. అహల్య మనసులో ఒక ఆలోచన మెల్లగా తల ఎత్తింది. అలాంటి ఆలోచన రాలేదని ఎవరైనా అంటే నేను నమ్మను. ఎంత మంచివాళ్లకైనా వస్తుంది. ఈ పిండి సంగతి ఈ వసారాలో ఉన్న ఇద్దరికే తెలుసు. గంగాధరంగారికి తెలియదు. బెంగుళూరులో కూచునే పెద్దలెవరూ నూజివీడొచ్చి రోలు చూడరు. చింతలపూడి బంక మాట ఎవరైనా ఎత్తితే, చెట్టు వేరు, నేల వేరు అని గైడుగారే జవాబు సిద్ధం చేసిపెట్టారు. ఒక్క సోమవారం గడిస్తే చాలు.

"మనిద్దరికే తెలుసు ఇది," అంది అహల్య మెల్లగా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

రాజరాజేశ్వరమ్మ తలెత్తి చూసింది. కోడలు ఏమడుగుతోందో ఆవిడకి తెలిసిపోయింది. అడిగినందుకు కోప్పడలేదు.

"నేను కాపరానికొచ్చిన కొత్త. కోవెల్లో మహానివేదనకి పరమాన్నం వండి పెట్టాను. నేనిటు తిరిగేలోపు పిల్లి మూతి పెట్టింది. నేను తప్ప ఎవరూ చూళ్లేదు. బయట జనం నిండిపోయి ఉన్నారు, వేళ మించిపోతోంది. చెప్తే మా అత్తగారు చంపేస్తుందని భయం. ఆవిణ్ణి నువ్వు చూళ్లేదు, అదృష్టవంతురాలివి. ఏడుస్తూ వెళ్లి మీ మామగారితో చెప్పాను. ఆయన నన్నొక్క మాట అనలేదు. గిన్నె ఎత్తి పారబోసి, మళ్లీ స్నానం చేసొచ్చి, దగ్గర కూచుని మళ్లీ వండించారు. దేవుడు ఆ రోజు ఆలస్యంగా భోంచేశాడు, అంతే. కొంప మునగలేదు."

"ఇక్కడ మునుగుతుందండీ."

"మునిగితే మునుగుతుంది. మూతి పెట్టిందని తెలిశాక ఆ గిన్నె దేవుడి ముందు ఎలా పెడతావే? ఆ బెంగుళూరు వాళ్లు కూడా ఆలస్యంగానే భోంచేస్తారు. పారబొయ్యి. మళ్లీ వండు. ఈసారి నా నీడ కూడా పడకుండా చూస్తాను."

అహల్యకి ఆ మాటతో గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆమె ఎదురు చూసింది ఆ మాట కోసమే. ఎవరైనా గట్టిగా చెప్తే బాగుండునని రైల్లో అంతా అనుకుంటూనే వచ్చింది. తీరా చెప్పింది చదువురాని అత్తగారు. గైడుగారు చెప్పలేదు, కట్టుకున్నవాడూ చెప్పలేదు. ఆమె లేచి మొహం కడుక్కుంది. ఇప్పుడు ఆమె మళ్లీ సైంటిస్టు.

"ఇందాకట్నించీ మనం అనుకోవడమే తప్ప చూసింది లేదు. ముందు పిండేనో కాదో చూద్దాం. మిగతా బంక దాచారు కదా?"

దాచకేం? ఏ బంకనైనా సగమే ప్రయోగశాలకి తీసుకెళ్లి, సగం వేరేచోట దాచి ఉంచడం గంగాధరంగారు పెట్టిన నియమం. అగ్గి అంటుకున్నా, సీసాలు పగిలినా, మళ్లీ మొదలుపెట్టడానికి ఆధారం ఉండాలని ఆయన వాదన. ఆ సగాలు రెండూ ఈ ఇంట్లోనే చెక్కబీరువాలో సత్తు డబ్బాల్లో ఉన్నాయి. వాటి మీద చీటీలు అంటించి ఉన్నాయి. ఒకదాని మీద అహల్య రాసిన "వేసవి", రెండోదాని మీద ఉమాపతి రాసిన "చలికాలం".

మామగారు కొబ్బరికాయ కొడుతూ వేలికి దెబ్బ తగిలించుకున్నప్పుడు తెచ్చిన టించర్ అయోడిన్ సీసా గూట్లో ఉంది. పిండి ఉన్న నీళ్లలో ఆ టించర్ చుక్క వేస్తే నీలమైపోతుంది. హైస్కూల్లో పిల్లల చేత చేయించే పరీక్ష ఇది. అంత ఖరీదైన యంత్రం పక్కన పెట్టుకుని ఎవరికీ ఈ చుక్క వేసి చూడాలని తోచలేదు. టించర్‌ని వంటింటి గడప దాటనివ్వనంది రాజరాజేశ్వరమ్మ. వసారాలోనే కిరసనాయిలు స్టవ్ వెలిగించారు.

వేసవి డబ్బాలోంచి రెండు ముక్కలు గిన్నెలో వేసి, నీళ్లు పోసి, ఉడికించి, గాజు గ్లాసులోకి వంచింది అహల్య. వేడి మీద రంగు నిలవదు కనక చల్లారేదాకా ఆగాలి. అత్తాకోడళ్లు ఇద్దరూ ఆ గ్లాసునే చూస్తూ కూచున్నారు. గ్లాసు చల్లబడ్డాక టించర్ చుక్క వేసింది.

గ్లాసంతా నీలం కమ్ముకుంది. చూస్తుండగానే చిక్కబడి సిరారంగుకి తిరిగింది.

"అమ్మో, ఇంత నీలమా!" అంది రాజరాజేశ్వరమ్మ. తను చేసిన తప్పు రంగుగా కళ్ల ముందు కనపడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. "చిటికెడేగా అద్దాను."

"చిటికెడు చాలండీ," అంది అహల్య. బాధగా ఉన్నా, ఎక్కడో లోపల తృప్తిగా కూడా ఉంది. ఎందుకో తెలియని తప్పు కన్నా ఎందుకో తెలిసిన తప్పు నయం. రేపు గంగాధరంగారి ముందు ఈ గ్లాసు పెట్టి తలెత్తుకుని చెప్పొచ్చు. ఆమె చలికాలం డబ్బా మూత తీయబోయింది.

"దానికెందుకే ఈ పరీక్ష? అందులో పిండి లేదుగా."

"ఇందులోనూ గ్లూకోజు వచ్చిందండీ. దీనికీ అద్దే ఉంటారు."

"అద్దలేదు."

"మర్చిపోయి ఉంటారు అత్తయ్యా."

"మర్చిపోవడానికి నాకేం మతిపోయిందా?" రాజరాజేశ్వరమ్మకి ఇందాకట్నించీ రాని కోపం ఇప్పుడొచ్చింది. డబ్బా లాక్కుని కోడలి చెవి దగ్గర ఆడించింది. లోపల ముక్కలు గలగలలాడాయి. "విను. పుష్యమాసపు బంక ఇది. రాళ్లలా ఎండిపోయి వచ్చింది. ఒకదానికొకటి అంటుకుంటే కదా పిండి అద్దేది? మంగమ్మ తెచ్చిన మూట మంగమ్మ తెచ్చినట్టే ఉమాపతి ఎదురుగా డబ్బాల్లో పోశాను. వాడే మూత పెట్టాడు, వాడే చీటీ రాశాడు. వాణ్ణే అడుగు."

అహల్య డబ్బా వెనక్కి తీసుకుంది. చలికాలపు బంక ముక్కలు ఉడికించింది. చల్లార్చింది. చుక్క వేసింది.

నీలం రాలేదు. టించర్ రంగు పల్చటి టీ నీళ్లలా నీళ్లలో పరుచుకుని అలాగే ఉండిపోయింది.

ఇంకో చుక్క వేసింది. రంగు కొంచెం ముదిరిందే తప్ప మారలేదు. డబ్బా అడుగు నించి వేరే ముక్కలు తీసి, గిన్నె తోమి, మళ్లీ ఉడికించింది. ఈసారి చుక్క నేను వేస్తానని రాజరాజేశ్వరమ్మే సీసా అందుకుంది. అప్పుడూ అంతే. పక్కనే వేసవి గ్లాసు నీలంగా ఉంది.

"చెప్పానా, లేదని!" అంది రాజరాజేశ్వరమ్మ. ఆ గొంతులో గెలిచిన సంతోషం ఉంది. పాపం, ఏం గెలిచిందో ఆవిడకింకా తెలియదు.

అహల్య గోడకి ఆనుకుని కింద కూచుంది. రెండో డబ్బాలో పిండి లేదు. మామిడి బంకకి తనదంటూ గ్లూకోజు లేదని చింతలపూడి బంక చెప్పనే చెప్పింది. మరి రెండో డబ్బా కాగితం మీద గ్లూకోజు గుట్ట ఎలా లేచింది? గిన్నె సరిగ్గా కడగలేదేమో. గొట్టంలో పాతది మిగిలిందేమో. అలా మిగిలిందైతే చిన్న బొడిపెలా కనపడుతుంది. అది బొడిపె కాదు. కామెర్లు తగ్గి ప్రయోగశాలకి వెళ్లిన రోజున ఉమాపతి ఆ కాగితాన్ని ఆమె ముందు పరిచి, చూడు, అచ్చు నీ మొదటి డబ్బా కొలతే అన్నాడు. అచ్చంగా అంతే ఉంది. అప్పుడామె ఎగిరి గంతేసింది. ఎండాకాలంలో అత్తగారు చేత్తో అద్దిన పిండి ఎంత వచ్చిందో, అసలు పిండే లేని చలికాలపు బంకలోనూ సరిగ్గా అంతే ఎలా వస్తుంది? రెండుసార్లూ యంత్రంలోకి ఎక్కింది ఆ మొదటి డబ్బా నీళ్లే అయితే వస్తుంది.

మొన్న నూజివీడు వెళ్లొస్తానంటే ఉమాపతి, ఇప్పుడెందుకన్నాడు. సభ అయ్యాక వెళ్దువుగాని అన్నాడు. రాత్రి రైలుకి ఒక్కదానివీ వెళ్లడమేంటని విసుక్కున్నాడు. తన మీద ప్రేమ అనుకుంది.

"ఏంటే, నేను గెలిస్తే నీకంత బెంగా?" అంటూ వంగి కోడలి మొహంలోకి చూసిన రాజరాజేశ్వరమ్మ ఆగిపోయింది. ఆవిడ చదువుకోలేదు గానీ తెలివితక్కువది కాదు. రెండు గ్లాసులకేసీ ఒకసారి చూసింది.

"దీంట్లో కూడా ఆ చక్కెర ఉందని ఎవరు చూశారు అహల్యా?"

అహల్య తల దించుకుని గిన్నె దగ్గరికి లాక్కుంది.

"నువ్వు చూశావా?"

"నేను… మా ఊళ్లో ఉన్నానండీ అప్పుడు."

"అవును. కామెర్లు. నేనే నీకు నేలఉసిరి పంపించాను." ఆవిడ మాట నెమ్మదించింది. "మరి చేసిందెవరు?"

అబద్ధం చెప్దామనుకుంది అహల్య. ఎవరో కుర్రాడని, పేరు గుర్తులేదని. ఇందాకట్నించీ తన తప్పుని ఒక్క సాకు లేకుండా ఒప్పుకున్న మనిషి ముందు ఆ అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"మీ అబ్బాయేనండీ."

వీధిలో జట్కా ఒకటి గలగలమంటూ పోయింది. రాజరాజేశ్వరమ్మ కింద పెట్టిన టించర్ సీసాకి మూత బిగించింది. అది బిగిసినా ఇంకా తిప్పుతూనే ఉంది.

"పొరపాటేమో అత్తయ్యా," అంది అహల్య. ఆవిడ మొహం చూళ్లేక అంది, అలా అయితే బాగుండునన్న ఆశతోనూ అంది. "సీసాలు మారిపోయి ఉంటాయి. నేను వెళ్లి మెల్లగా అడుగుతాను."

"నువ్వడిగితే ఏదో ఒకటి చెప్తాడు. నువ్వు నమ్ముతావు. నమ్మాలని ఉంది కనక నమ్ముతావు." రాజరాజేశ్వరమ్మ లేచింది. తరిగిన ముక్కల మీద పళ్లెం బోర్లించింది. చలికాలం డబ్బా తీసుకుని కొంగుతో తుడిచింది. "మీ మామగారు రాగానే అన్నం పెట్టేసి సాయంత్రం బస్సుకి బయల్దేరదాం. నేనూ వస్తున్నాను హైదరాబాదు."

"మీరెందుకండీ ఈ ఎండల్లో?"

"పొరపాటైతే పొరపాటని చెప్తాడు. కాకపోతే, నా మొహంలోకి చూస్తూ అబద్ధమాడగలడేమో నేనూ చూస్తాను."